కర్నూలు, కడప జిల్లాల స్థల ఐతిహ్యాలు: నీరు, రాయి, మాన్యం

ఉపోద్ఘాతం

రాయలసీమ అనగానే పరిశోధకుల దృష్టి సాధారణంగా కరువు, వలస, ముఠాకక్షల వైపు మళ్ళుతుంది. ఆధునిక కథ, నవల ఆ మూడింటినీ విస్తృతంగా చిత్రించడం ఇందుకు కారణం. అదే నేలమీద ఊరూరా వినిపించే స్థల ఐతిహ్యాలకు మాత్రం ఆ గౌరవం దక్కలేదు. పెరిగే నంది, కాకులు వాలని కొండ, పిలిస్తే పలికిన దేవుడు, చావు దగ్గరపడినవారికి మాత్రమే కనిపించే బంగారు తోరణం వంటివి యాత్రికుల కరపత్రాల్లోనో, ఆలయ ప్రాంగణంలోని బోర్డులమీదనో ఆగిపోయాయి. విశ్వవిద్యాలయానికి ముప్పై నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న గుహను చూడకుండానే జానపద విజ్ఞానంలో పట్టా పొందడం నేడు అసాధ్యమేమీ కాదు.

జానపద కథకూ ఐతిహ్యానికీ ఉన్న భేదాన్ని జర్మన్ ఐతిహ్యాల సంపుటాలను 1816-18 మధ్య ప్రకటించిన గ్రిమ్ సోదరులు తొలినాళ్ళలోనే గుర్తించారు. కథకు ఊరుతో పని లేదు. ‘అనగనగా ఒక రాజు’ అన్నప్పుడు ఆ రాజ్యమెక్కడని శ్రోత అడగడు. ఐతిహ్యం అలా కాదు. దానికి ఒక గుట్ట, ఒక బావి, ఒక పేరున్న మనిషి కావాలి. చెప్పేవాడు చెయ్యి చాచి చూపించగలగాలి. కాబట్టి ఐతిహ్య పరిశీలనలో కథనం ఎంత ముఖ్యమో, కథ అంటిపెట్టుకున్న స్థలం కూడా అంతే ముఖ్యం. కర్నూలు, కడప ప్రాంతపు ఐతిహ్యాలు కొన్ని ఏ భౌతిక విశేషాన్ని, ఏ హక్కును ఆశ్రయించి నిలిచాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన నంద్యాల జిల్లాలోని స్థలాలను పాత కర్నూలు జిల్లాలో భాగంగానే ఇక్కడ గ్రహించడం జరిగింది.

కథ, కవిలె

ఈ ప్రాంతపు ఐతిహ్యాలకు లిఖిత ఆధారాలు లేవనుకోవడం పొరపాటు. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. తరువాతి రెండు దశాబ్దాలలో కాలిన్ మెకంజీ పక్షాన కావలి సోదరులు మొదలైన సహాయకులు గ్రామగ్రామం నుంచి వృత్తాంతాలు సేకరించారు. అవే కైఫియత్తులు. 1820లో కడపలో ఉద్యోగంలో చేరిన సి.పి.బ్రౌన్ తరువాతి కాలంలో వాటికి ప్రతులు రాయించాడు. ఆయన నివసించిన బంగళా స్థలంలో వెలసిన బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం కడప జిల్లా కైఫియత్తులను సంపుటాలుగా ప్రచురించింది.

కైఫియత్తు స్వరూపం గమనించదగినది. ఊరు ఎలా వెలసిందో చెప్పే కథ, గుడి పుట్టుక, ఏలిన రాజుల వరుస, చెరువులు, దేవబ్రాహ్మణ మాన్యాలు అన్నీ ఒకదాని వెంట ఒకటిగా అందులో వస్తాయి. గ్రామ కరణాల దగ్గరి దండకవిలెలు దానికి ఆధారం. అంటే ఆనాటి కరణం దృష్టిలో దేవుడి మహిమ, దేవుడి మాన్యం వేర్వేరు విషయాలు కావు. తరువాత విద్యాశాఖలు విడిపోయాయి. మహిమ తెలుగు శాఖకూ, మాన్యం చరిత్ర శాఖకూ వెళ్ళాయి. ఒకే కాగితం మీద పుట్టిన రెండింటినీ మళ్ళీ ఒకచోట పెట్టి చదివితే తప్ప ఇక్కడి ఐతిహ్యాలు అర్థం కావు.

ఊట

బనగానపల్లె సమీపంలోని యాగంటి ఇందుకు మంచి ఉదాహరణ. ఎర్రమల కొండల నడుమ ఉన్న ఈ ఉమామహేశ్వర క్షేత్రానికి ప్రచారంలో ఉన్న కథ ఇది. అగస్త్యుడు ఇక్కడ వేంకటేశ్వరుని ప్రతిష్ఠించదలచాడు. విగ్రహం కాలిగోరు విరిగింది. భిన్నమైన విగ్రహం పూజకు తగదు కనుక ఆయన తపస్సు చేయగా, ఈ చోటు శివునికి తగినదని శివుడే చెప్పి ఉమాసమేతంగా ఒకే శిలలో వెలిశాడు. ఆ వేంకటేశ్వర విగ్రహం పక్క గుహలోనే ఉంది. తపస్సు చేస్తుండగా కాకాసురుడు విసిగించినందువల్ల కాకులు ఇక్కడికి రాకూడదని ముని శపించాడు. కాకి శనికి వాహనం. అందువల్ల శనీశ్వరునికీ ఇక్కడ ప్రవేశం లేదంటారు. ఊరిపేరుకూ ఒక కథ ఉంది. చిట్టెప్ప అనే భక్తుడు శివుని దర్శించి ‘నే కంటి’ అని కేక వేశాడనీ, అదే యాగంటి అయిందనీ చెబుతారు. ధ్వనిపరిణామం దృష్ట్యా ఈ వ్యుత్పత్తి నిలవడం కష్టం. అయితే తప్పుడు వ్యుత్పత్తి కూడా జానపద విజ్ఞానానికి దత్తాంశమే.

ఇన్ని కథలు ఈ ఒక్క చోటునే ఎందుకు పట్టుకున్నాయి? సమాధానం పుష్కరిణిలో ఉంది. కొండ అడుగునుంచి వచ్చే నీరు నంది నోటిగుండా పుష్కరిణిలోకి దూకుతుంది. చుట్టుపక్కల చెరువులు నెర్రెలిచ్చిన ఏళ్ళలో కూడా అది ఎండదని ప్రతీతి. ఈ కొండల్లో సున్నపురాయి పొరలు విస్తారంగా ఉన్నాయి. వాననీరు పగుళ్ళగుండా లోపలికి ఇంకి, రాతిని కొద్దికొద్దిగా కరిగించుకుంటూ సొరంగాలు చేసుకుని, వాన వెలిసిన ఎంతోకాలానికి కొండ పాదం దగ్గర ఊటగా పైకి వస్తుంది. ధాత కరువుగా జనం చెప్పుకొనే 1876-78 నాటి మహాక్షామాన్ని చూసిన సీమలో ఎండని ఊట కన్న పెద్ద అద్భుతం మరొకటి ఉండదు. నల్లమల అంచున మహానంది కోనేరుకూ ఇదే గౌరవం.

కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహల్లో ఇదే నీటి పనితనాన్ని లోపలినుంచి చూడవచ్చు. 3,229 మీటర్ల పొడవున కొలిచిన ఈ గుహలను 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ నమోదు చేశాడు. 1982-83లో డేనియల్ గెబావర్ నాయకత్వంలోని జర్మన్ బృందం కొలిచి పటం గీసింది. 2002లో సందర్శకులకు తెరిచారు. లోపలి భాగాల పేర్లు కోటిలింగాలు, పాతాళగంగ, సింహద్వారం. ‘బిలం’ అన్న మాటే బెలుం అయిందని సాధారణ వివరణ. పాతాళగంగ దగ్గర మాయమైన నీరు ఊళ్ళోని బావిలో తేలుతుందని స్థానికుల నమ్మకం. సున్నపురాతి ప్రదేశాల్లో ఇలాంటి నమ్మకాన్ని కొట్టిపారేయనవసరం లేదు. యూరపులోని గుహాన్వేషకులు రంగునీళ్ళు వదిలి ఇటువంటి భూగర్భ మార్గాలనే పరీక్షిస్తూ వచ్చారు. శాస్త్రం రంగు కలిపి అడిగే ప్రశ్నకు ఊరు కథ రూపంలో ముందుగానే ఒక ఊహ చేసి పెట్టింది.

ఒంటిమిట్ట కోదండరామాలయపు కథలో నీరు ఫలితంగా వస్తుంది. కడప నవాబు అబ్దుల్ నబీఖాన్ ప్రతినిధి ఇమాంబేగ్ గుడికి వచ్చి, పిలిస్తే మీ దేవుడు పలుకుతాడా అని అడిగాడట. చిత్తశుద్ధితో పిలిస్తే పలుకుతాడన్నారు అక్కడివారు. అతడు మూడుసార్లు పిలిచాడు, మూడుసార్లూ ‘ఓ’ అని జవాబు వచ్చింది. ఆశ్చర్యపోయిన ఇమాంబేగ్ గుడి నీటి అవసరానికి బావి తవ్వించాడు. ఆ బావి నేటికీ అతని పేరుతోనే ఉంది. ఈ సంఘటనకు 1640 అనే సంవత్సరం తరచు జతచేస్తారు. అబ్దుల్ నబీఖాన్ 18వ శతాబ్ది తొలి దశకాల వాడు. 1640 నాటికి కడపలో ఆ నవాబుల ఏలుబడే లేదు. తేదీ తప్పో, నవాబు పేరు తప్పో అయి ఉండాలి. వ్యాసాల్లో, సిద్ధాంతగ్రంథాల్లో ఈ రెండూ ఒకే వాక్యంలో పక్కపక్కన కనిపిస్తూనే ఉన్నాయి. కథకు తేదీ అవసరం లేదు. తేదీ పెట్టిన తరువాత దాన్ని సరిచూసే బాధ్యత పరిశోధకునిదే. కథ మాత్రం తన పని తాను చేసింది. అన్యమతస్థుడైన అధికారి తవ్వించిన బావిని గుడి ఏ న్యాయం ప్రకారం తనదిగా స్వీకరించిందో అది చెబుతుంది.

రాయి

యాగంటి నంది పెరుగుతున్నదనీ, కలియుగాంతాన లేచి రంకె వేస్తుందనీ పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞాన సంప్రదాయం చెబుతుంది. బ్రహ్మంగారు బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువులు కాచాడనీ, రవ్వలకొండ గుహలో కూర్చుని కాలజ్ఞానం రాశాడనీ ప్రసిద్ధి. యాగంటి ఆ పసులబాటకు దగ్గరిదే. పశువుల కాపరికి కాలాంత సూచనగా ఎద్దు తోచడంలో వింత లేదు.

నంది చుట్టూ ఒకప్పుడు ప్రదక్షిణం చేసేవారనీ, ఇప్పుడు స్తంభాలకూ విగ్రహానికీ మధ్య మనిషి పట్టే చోటు లేదనీ పెద్దలు చెబుతారు. దీనికి తోడు ఇరవై ఏళ్ళకు ఒక అంగుళం చొప్పున పెరుగుతున్నదని పురావస్తుశాఖ ధ్రువీకరించిందన్న వాక్యం పత్రికల్లో, పుస్తకాల్లో తిరుగుతున్నది. నివేదిక పేరు, కొలిచిన సంవత్సరం, కొలతకు మూలబిందువు దానితోపాటు కనిపించవు. లెక్క వేసి చూస్తే, ఆలయ నిర్మాణాన్ని సంగమ వంశపు కాలానిదిగా తీసుకున్నప్పుడు, ఆరువందల ఏళ్ళకు ముప్పై అంగుళాలు, అంటే రెండున్నర అడుగులు. ఆ పెరుగుదల పొడవులోనా, ఎత్తులోనా? రాయి పెరగవచ్చు, నేల కుంగవచ్చు, మండప స్తంభాలు లోపలికి ఒరగవచ్చు. మూడింటిలో ఏది జరిగినా కంటికి కనిపించే ఫలితం ఒక్కటే, మధ్యలోని ఎడం తగ్గడం. పాత ఛాయాచిత్రాలు, మండపానికి జరిగిన మరమ్మతుల లెక్కలు, ఏటా ఒకే స్తంభం నుంచి తీసిన కొలత ఉంటే చాలు, ఈ ప్రశ్న తేలుతుంది. వైజ్ఞానిక ముద్రకోసం ఐతిహ్యం ఇంతగా తహతహలాడడం మాత్రం ఆధునిక కాలపు చేర్పు. కాలజ్ఞానానికి అంగుళాలతో పని లేదు.

యాగంటికి కొద్ది కిలోమీటర్లలోనే జుర్రేరు లోయలో జ్వాలాపురం ఉంది. సుమారు 74,000 ఏళ్ళ క్రితం సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగిసిన బూడిద ఇక్కడ కొన్ని చోట్ల రెండు మీటర్లకు మించిన మందాన పేరుకుంది. ఆ పొరకు కిందా పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయని మైకేల్ పెట్రాగ్లియా, రవి కోరిసెట్టర్ తదితరులు 2007లో సైన్స్ పత్రికలో ప్రకటించారు. పేలుడు తరువాత కూడా మనుషులు ఇక్కడ బతికారన్న వాదానికి అది బలమిచ్చింది. ఊరిపేరులో ‘జ్వాల’ ఉండడం చూసి జనస్మృతి అగ్నిపర్వతాన్ని గుర్తుంచుకున్నదని రాయాలనే ఉత్సాహం కలగడం సహజం. దాన్ని అణచుకోవాలి. ఇక్కడ బూడిద పడిందే గాని మంట మండలేదు. సంస్కృత సమాసంగా ఏర్పడిన ఒక గ్రామనామం డెబ్బై వేల ఏళ్ళ జ్ఞాపకాన్ని మోయజాలదు. అహోబిలంలో జ్వాలానరసింహుడు వెలసిన సీమలో అటువంటి పేరుకు అంతదూరం వెళ్ళనవసరమూ లేదు.

పేర్ల విషయంలో బేతంచెర్ల దగ్గరి బిలసర్గం గుహలది మరో కథ. కెప్టెన్ న్యూబోల్డ్ 1844లో వీటిలోని శిలాజపు ఎముకలను లోకానికి తెలిపాడు. నాలుగు దశాబ్దాల తరువాత హక్స్‌లీ ప్రోత్సాహంతో మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్ పూనుకోగా ఫుట్, ఆయన కుమారుడు లెఫ్టినెంట్ హెన్రీ ఫుట్ తవ్వకాలు జరిపారు. ఈ సీమలో నేడు కనిపించని ఖడ్గమృగం వంటి జంతువుల ఎముకలు బయటపడ్డాయి. బిలస్వర్గమని కొందరు అర్థం చెప్పుకొనే ఆ తావుల్లో ఒకదానికి దొరలు ‘పర్గేటరీ’ అని పేరు పెట్టారు. స్వర్గానికి ముందు ఆత్మలు శుద్ధి పొందే చోటని క్రైస్తవుల భావన. శాస్త్ర వ్యాసాల్లో నేటికీ ఆ పేరే నడుస్తున్నది. దగ్గరలోని ముచ్చట్ల చింతమాను గవి మాత్రం ఎం.ఎల్.కె.మూర్తి తవ్వకాల ద్వారా తన తెలుగు పేరుతోనే ప్రపంచ పురావస్తు సాహిత్యంలోకి ఎక్కింది. చింతచెట్టు కింద కూర్చుని ముచ్చట్లాడుకునే గవి అన్న అర్థం స్ఫురించే ఆ పేరు ఒక్కటే ఒక ఐతిహ్యమంత ఉంది.

మాన్యం

మంత్రాలయం కథలు రెండింటిని కలిపి చదవాలి. మొదటిది ఆదోని పాలకుడు సిద్ది మసూద్‌ఖాన్ కథ. రాఘవేంద్రస్వామిని పరీక్షించదలచి అతడు మాంసపు పళ్ళెం మీద గుడ్డ కప్పి కానుకగా పంపాడు. స్వామి తీర్థం చల్లగా గుడ్డ కింద పండ్లు కనిపించాయి. పశ్చాత్తాపపడిన పాలకుడు సారవంతమైన ఊరు ఇస్తానన్నా, ప్రహ్లాదుడు యాగం చేసిన చోటని స్వామి మంచాలనే కోరాడు. అదే మంత్రాలయం. 1671లో స్వామి అక్కడ బృందావన ప్రవేశం చేశాడు.

రెండవది థామస్ మన్రో కథ. మఠం మాన్యాలను సర్కారు తిరిగి తీసుకోదలచినప్పుడు విచారణకు వచ్చిన మన్రో టోపీ, బూట్లు తీసి బృందావనం ముందు నిలబడ్డాడు. స్వామి అతనికి దర్శనమిచ్చి మాట్లాడాడు. పక్కన ఉన్నవారికి మన్రో మాటలే వినిపించాయి గాని అవతలి మనిషి కనిపించలేదు. మాన్యం నిలిచింది. ఈ సంఘటన మద్రాసు ప్రభుత్వ గెజిటులో నమోదైందని మఠ సాహిత్యం చెబుతుంది.

మొదటి కథ మాన్యం పుట్టుకను చెబితే, రెండవది అదే మాన్యం ప్రభుత్వం మారినా నిలబడిన తీరును చెబుతుంది. 1800 తరువాత దత్తమండలాల్లో భూములు కొలిచి శిస్తు కట్టిన కాలంలో దేవాలయాలకూ మఠాలకూ ఉన్న ప్రధాన భయం సనదు చెల్లకపోవడమే. దానమిచ్చిన ప్రభువు దిగిపోయాడు. కొత్త ప్రభువుకు పార్సీ సనదు కన్న బలమైన సాక్ష్యం కావాలి. కొత్త ప్రభువే స్వయంగా చూశాడనడం కన్న బలమైన సాక్ష్యం ఏముంటుంది? కథలో మన్రోను బళ్ళారి కలెక్టరుగా చెబుతారు. ఆయన 1800 నుంచి 1807 వరకు దత్తమండలాలన్నిటికీ ప్రధాన కలెక్టరు. బళ్ళారి, కడప జిల్లాలుగా అవి విడిపోయింది 1808లో. ఆదోని తాలూకా 1953 వరకు బళ్ళారి జిల్లాలో ఉండి, ఆంధ్ర రాష్ట్రావతరణతో కర్నూలులో కలిసింది. అంటే కథ నేటి జిల్లాపటాన్ని గాని, మన్రో నాటి పటాన్ని గాని అనుసరించడం లేదు. ఈ రెండింటికీ మధ్యకాలపు పటాన్ని అనుసరిస్తున్నది. కథ ఇప్పటి రూపం ఎప్పుడు తీసుకున్నదో ఊహించడానికి అదొక ఆచూకీ.

మన్రోకు సంబంధించిన మరో కథ కడప జిల్లా గండిలో ఉంది. పాపాగ్ని నది కొండలను చీల్చుకుని వచ్చే ఇరుకు అది. లంకనుంచి వస్తున్న రామునికి వాయుదేవుడు రెండు కొండల మధ్య బంగారు తోరణం కట్టి స్వాగతం చెప్పాడట. రాముడు బాణపు మొనతో రాతిమీద ఆంజనేయుని రూపం గీశాడు. చిటికెన వేలు విడదీయబోతే నెత్తురు వచ్చిందట. ఆ తోరణం పుణ్యాత్ములకు, అదీ అవసానం దగ్గరపడ్డప్పుడే కనిపిస్తుంది. ఆ దారిన వెళుతూ మన్రో తలెత్తి చూసి తోరణం ఉందన్నాడు. వెంట ఉన్నవారికి ఏమీ కనిపించలేదు. 20వ శతాబ్ది తొలినాళ్ళలో వెలువడిన కడప జిల్లా గెజిటీరు సైతం ఈ కథను విడిచిపెట్టలేదు. 1827 జూలై 6న, మద్రాసు గవర్నరుగా వీడ్కోలు పర్యటనలో ఉన్న మన్రో పత్తికొండలో కలరాతో మరణించాడు. గుత్తిలో ఖననం చేసి, 1831లో అవశేషాలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు.

రెండు కథల్లోనూ నిర్మాణం ఒక్కటే. పరాయి దొర చూస్తాడు, పక్కనున్న మనవాళ్ళు చూడలేరు. అయితే మంత్రాలయంలో ఆ చూపు మాన్యాన్ని కాపాడుతుంది. గండిలో ప్రాణం పోతుందని చెబుతుంది. గండి కథలో ఆస్తి తగాదా లేదు. రైతువారీ శిస్తు తెచ్చిన అధికారి కోపానికి, శాపానికి గురికాకుండా పుణ్యాత్ముల జాబితాలో చేరడం సీమ రైతు మన్రోకు ఇచ్చిన అరుదైన తీర్పు. పాలెగాళ్ళను అణచిన చెయ్యి కూడా అదే అని మరువరాదు; పాలెగాళ్ళ వీరగీతాలు ఆ రెండవ వైపును చెబుతాయి.

చుట్టరికం

మాన్యంతో పనిలేని హక్కులు కూడా ఐతిహ్యంలో ఉంటాయి. అహోబిల నరసింహుడు చెంచులక్ష్మిని పెళ్ళాడాడు కనుక చెంచులు ఆయనకు అత్తింటివారు. కనుమనాడు మొదలయ్యే పారువేటలో స్వామి పల్లకి నలభై రోజులకు పైగా ఊళ్ళు తిరుగుతుంది. తన పెళ్ళికి తానే పిలవడానికి వస్తున్నాడని ప్రజల విశ్వాసం. దేవుని కడపలో బీబీ నాంచారి వేంకటేశ్వరుని భార్య కావడంతో, ఉగాదినాడు ముస్లిం కుటుంబాలు గుడికి వచ్చి మొక్కులు చెల్లిస్తాయి. ఆడపడుచును ఇచ్చిన ఇంటికి పండగనాడు పోవడానికి ఎవరి అనుమతి కావాలి?

సేకరణ

ఇటువంటి ఐతిహ్యాలను సేకరించేటప్పుడు కథ పాఠం ఒక్కటే సరిపోదు. చెప్పినవారి వృత్తి, వారు విన్న చోటు, చూపించిన రాయి లేదా బావి ఛాయాచిత్రం పక్కన కొలబద్ద, ఆ ఊరి కైఫియత్తు, మాన్యాల దస్తరం ఒకే దస్త్రంలో చేరాలి. అర్చకుడు చెప్పిన యాగంటి కథ, గొర్రెల కాపరి చెప్పిన యాగంటి కథ ఒకటే అయి ఉండనవసరం లేదు. తేడాలను సవరించి ఒకే ‘సరైన పాఠం’ తయారుచేయడం తాళపత్ర పరిష్కరణలో మంచి పద్ధతే గాని ఇక్కడ నష్టం చేస్తుంది.

కాలం కూడా కలిసిరావడం లేదు. కర్నూలు, కడప ప్రాంతాల్లో సున్నపురాయి సిమెంటుకు పోతుంది, నాపరాయి ఇళ్ళ గచ్చులకు, కడప రాయి వంటగది గట్లకు పోతుంది. ఇది వేలమందికి కూడుపెట్టే పని. ఆపమనడం సులభం కాదు. జ్వాలాపురంలో బూడిద పొర పరిశోధకుల కంటపడింది చాలావరకు స్థానికులు దాన్ని తవ్వి అమ్మడం వల్లనే. తరిగిపోతున్నదీ ఆ తవ్వకాల వల్లనే. పొర వయసును శాస్త్రజ్ఞులు నిర్ణయించారు. ఆ తెల్లని మెత్తని మట్టిని గంపలకెత్తిన కూలీలు దాన్ని ఏ పేరుతో పిలిచారో, అది కొండల నడుమకు ఎలా వచ్చిందని తమలో తాము చెప్పుకున్నారో అడిగి రాసుకోవలసింది జానపద పరిశోధకులు. ఆ పని చేసిన తరంవారు ఇంకా ఆ లోయలోనే ఉన్నారు.